ట్రైనింగ్ అయిపోయిన మూడో నెలలో ఎవరు ఫోన్ చేస్తారు?

పోస్ట్ పెద్దది. మెస్ లైన్‌లో ప్లేట్ పట్టుకుని చదవొద్దు, రాత్రి తీరిగ్గా చదవండి.

పోయిన వారం మన గ్రూప్‌లో ఒక అన్న స్కిల్ ట్రైనింగ్ గురించి పెట్టాడు. మూడు నెలల కోర్సు, వసతి ఫ్రీ, భోజనం ఫ్రీ, చివర్లో ప్లేస్‌మెంట్. కింద వరసగా "ఇంట్రెస్టెడ్ అన్నా", "ఇంట్రెస్టెడ్ అన్నా" అని ఎంతమంది పెట్టారో చూశారు కదా. నేను ఏమీ పెట్టలేదు. అన్న మీద కోపం లేదు, ఆయన మంచి కోసమే పెట్టాడు. కానీ నాకు ఒక్క ప్రశ్న ఉంది: కోర్సు అయిపోయి, ఉద్యోగంలో చేరిన తర్వాత మూడో నెలలో మనోడికి ఎవరు ఫోన్ చేస్తారు?

ఈ ప్రశ్న నాకు స్వెటర్లు కొనే దగ్గర పుట్టింది. డిసెంబర్‌లో మా బాలాపూర్ హాస్టల్ నుంచి ముగ్గురం కోఠి వైపు పోయాం. చలికాలం వస్తే అక్కడ స్వెటర్ల దుకాణాలు పెట్టేవాళ్ళని మనం "నేపాలోళ్ళు" అనేస్తాం, నేనూ అట్లనే అన్నాను. షాపులో ఉన్న అమ్మాయి హిందీలో "నేపాలీ కాదు భయ్యా, మేం టిబెటన్" అంది. కోపంగా అనలేదు, రోజుకు వందసార్లు చెప్పి అలవాటైన గొంతు అది. కాలేజీలో మనల్ని "ఎస్టీ అంటే మీరు అడవిలో ఉంటారా" అని అడిగితే మనం జవాబిచ్చే గొంతు కూడా అదే.

ఆరువందల యాభై చెప్పింది. ఐదువందలకు అడిగాం. ఫిక్స్‌డ్ రేట్ బోర్డు చూపించింది. బేరం అక్కడ అయిపోయింది కానీ మాటలు సాగాయి. కర్ణాటకలోని ముండగోడ్ వాళ్ళది. బీకాం అయిపోయింది. సీజన్‌లో అమ్మకు సాయంగా వచ్చింది, ఫిబ్రవరిలో దుకాణం ఎత్తేసి బెంగళూరు పోయి ఉద్యోగం చూసుకుంటుందట. "బెంగళూరులో ఎవరున్నారు దీదీ?" అని అడిగాను. మా స్కూల్ సీనియర్లు ఉన్నారు, వాళ్ళ రూమ్‌లో ఉంటాను, మొదటి జీతం వచ్చేదాకా అద్దె అడగరు, నేనూ తర్వాత వచ్చేవాళ్ళని అడగను అంది. ఇదేదో గొప్ప విషయంలా చెప్పలేదు. బస్సు ఎక్కితే టికెట్ తీసుకుంటాం కదా, అట్ల చెప్పింది.

వచ్చాక వాళ్ళ గురించి దొరికినంత చదివాను. 1959లో దలైలామా టిబెట్ నుంచి మన దేశానికి వచ్చారు, ఆయన వెనకే వేలమంది వచ్చారు. 1960లలో వాళ్ళకు బైలకుప్పె, ముండగోడ్ లాంటి చోట్ల స్థలాలిచ్చి సెటిల్‌మెంట్లు కట్టించారు. మన శ్రీకాకుళం సరిహద్దు అవతల, ఒడిశా గజపతి జిల్లా చంద్రగిరిలో కూడా ఒకటుంది. అది సవర వాళ్ళ ఊర్ల మధ్యే. చలి దేశం నుంచి వచ్చినవాళ్ళు అక్కడ మొక్కజొన్న పండించడం నేర్చుకున్నారు. 2006 జనవరిలో మన గుంటూరు జిల్లా అమరావతిలో కాలచక్ర జరిగినప్పుడు వేలమంది టిబెటన్లు వచ్చారని పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

2009లో వాళ్ళు వేసుకున్న లెక్క ప్రకారం ఇండియాలో ఉన్నది 94 వేల చిల్లర మంది. అంటే మన ఒక్క జిల్లా ఎస్టీ జనాభాకు కూడా కొన్ని చోట్ల సరిపోరు. వాళ్ళకు సొంత రాష్ట్రం లేదు, ఎమ్మెల్యే లేడు. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1 లోపు ఇక్కడ పుట్టినవాళ్ళు చట్టప్రకారం ఈ దేశ పౌరులే, కోర్టులు కూడా అదే చెప్పాయి. కానీ ఇప్పుడు ఇరవై ఏళ్ళున్న పిల్లలు ఆ తారీఖు దాటి పుట్టారు. వాళ్ళ దగ్గర ఉండేది రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, దాన్ని గడువు అయిపోయినప్పుడల్లా రెన్యువల్ చేయించుకోవాలి. గవర్నమెంట్ ఉద్యోగం అనే మాట వాళ్ళ ఇళ్ళలో వినపడదు. 2014లో కేంద్రం తెచ్చిన టిబెటన్ పునరావాస విధానం వల్ల, చదువుకు తగ్గ ప్రైవేటు ఉద్యోగాలకు, ప్రభుత్వ పథకాలకు కొంత దారి తెరుచుకుంది. అంతే.

ఇన్ని తలుపులు మూసి ఉన్నా వాళ్ళు చేసుకున్న ఏర్పాటు చూడండి. ప్రతి సెటిల్‌మెంట్‌కు ఒక ఆఫీసర్ ఉంటాడు, ధర్మశాల నుంచి వేస్తారు. వాళ్ళ విద్యాశాఖ పదో తరగతి, పన్నెండో తరగతి పిల్లలకు ఏ దారి పట్టాలో చెప్పే కెరీర్ గైడెన్స్ నడుపుతుంది. డెహ్రాడూన్ దగ్గర సెలాకుయ్‌లో వృత్తి శిక్షణ కేంద్రం పెట్టారు. ఢిల్లీ రోహిణిలో, బెంగళూరులో కాలేజీ చదివేవాళ్ళకు యూత్ హాస్టళ్ళున్నాయి. స్వెటర్ల వ్యాపారం సంగతి ఇంకా విచిత్రం. లూథియానా వ్యాపారులు వాళ్ళకు సరుకు అప్పు మీద ఇస్తారు, సీజన్ అయ్యాక డబ్బు కడతారు. ఒక్కడు ఎగ్గొడితే రేపు అందరికీ అప్పు పుట్టదు, అందుకని వాళ్ళ సంఘాలే కాపలా కాస్తాయి. 1972 నుంచి ప్రతి టిబెటన్ ఏడాదికి చిన్న చందా కడతాడు, కట్టినట్టు ఒక పచ్చ పుస్తకంలో రాస్తారు. వాళ్ళ స్కాలర్‌షిప్‌కు అప్లై చేయాలంటే ఆ పుస్తకం చూపించాలి.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి. మా పిన్ని కొడుకు, తాండాలోనే ఉంటాడు. ఇంటర్ అయ్యాక సిటీలో ఒక ట్రైనింగ్ సెంటర్‌లో మూడు నెలలు నేర్చుకున్నాడు. యూనిఫాం ఇచ్చారు, ఫోటోలు తీశారు, సర్టిఫికెట్ ఇచ్చారు. తమిళనాడులో ఒక ఫ్యాక్టరీలో ప్లేస్‌మెంట్ వచ్చింది. యాడి గుడాలు ఉడకబెట్టి కట్టిచ్చింది, తాండా అంతా బస్సు దాకా వచ్చింది. ముప్పై ఎనిమిదో రోజు వాపస్ వచ్చాడు.

పని రాక రాలేదు. పని బాగానే చేశాడు, సూపర్‌వైజర్ మెచ్చుకున్నాడట కూడా. ఏం జరిగిందంటే, ఆధార్‌లో పేరు చివర నాయక్ లేదు, పదో తరగతి మెమోలో ఉంది. జీతం ఖాతా తెరవడం ఆగిపోయింది. ఖాతా లేక మొదటి జీతం ఆగింది. రూమ్‌లో అడ్వాన్స్ అడిగారు, భాష రాదు, ఎవరిని అడగాలో తెలియదు. తోటివాడి దగ్గర రెండు వేలు అప్పు చేసి పది రోజులు లాగాడు, తర్వాత జనరల్ బోగీ ఎక్కాడు. ఆ ముప్పై ఎనిమిది రోజుల్లో ట్రైనింగ్ సెంటర్ నుంచి ఒక్క ఫోన్ వచ్చింది. జాయినింగ్ లెటర్ ఫోటో పంపమని. ఆ సెంటర్ ఫైల్లో వాడు ఇప్పటికీ "ప్లేస్‌డ్" అనే ఉంటాడు.

తాండాలో ఏమన్నారు? "మనోళ్ళు నిలబడరు." ఈ మాట నాకు మండుతుంది. ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళు కూడా ఇదే మాట ఇంకొంచెం మర్యాదగా అంటారు: ట్రైబల్ యూత్‌కు ఇంటి మీద బెంగ ఎక్కువ అని. నాలుగో తరగతి నుంచి ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో అమ్మానాన్నలను వదిలి పెరిగిన పిల్లలం మనం. బెంగ గురించి మనకెవరూ చెప్పనక్కర్లేదు.

అందుకే నేనూ, నా ఇద్దరు రూమ్మేట్లూ ఒక పని చేశాం. మా మూడు ఊర్ల నుంచి ఇట్లాంటి ట్రైనింగులకు పోయినవాళ్ళ నంబర్లు పట్టి ఫోన్లు చేశాం. పదకొండు మంది దొరికారు. ఇంకా ఉద్యోగంలో ఉన్నది నలుగురు. ఆ నలుగురిలో తెలివైనవాళ్ళు ఉన్నారు, మామూలువాళ్ళు ఉన్నారు, ఒకడైతే ట్రైనింగ్‌లో సగం రోజులు ఎగ్గొట్టాడని వాడే చెప్పాడు. కానీ నలుగురికీ ఒకటి కలిసింది. పోయిన ఊర్లో ఎవరో ఒకరు ముందే ఉన్నారు. ఒకడికి బావ, ఒకడికి క్లాస్‌మేట్, ఒక అక్కకు వాళ్ళ చర్చి వాళ్ళు, ఇంకొకడికి పక్క తాండా మేస్త్రి. వాపస్ వచ్చిన ఏడుగురికి ఎవరూ లేరు. పదకొండు మందితో సిద్ధాంతం కట్టలేం, తెలుసు. మీ ఊర్లో మీరు కూడా చేసి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం.

గవర్నమెంట్‌కు ఈ విషయం తెలియదా అంటే తెలుసు. 2014లో మొదలైన దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన అప్పటి నిబంధనల్లో రాశారు: ఉద్యోగంలో చేరాక నెలకు వెయ్యి రూపాయల చొప్పున సొంత జిల్లాలో అయితే రెండు నెలలు, రాష్ట్రంలో అయితే మూడు నెలలు, బయటి రాష్ట్రంలో అయితే ఆరు నెలలు సాయం ఇవ్వాలని. వలస పోయినవాళ్ళకు సహాయ కేంద్రాలు కూడా పెట్టొచ్చని. రాసినవాడెవరో మన బాధ తెలిసినవాడే. కానీ మా తమ్ముడిని "నువ్వు ఏ పథకం కింద చేరావు రా" అంటే, "ఫ్రీ ట్రైనింగ్ అన్నా" అన్నాడు. వాడికి పథకం పేరే తెలియదు, ఇంక హక్కు ఎట్లా అడుగుతాడు? గ్రూప్‌లో నోటిఫికేషన్ పెట్టే అన్నలు దయచేసి పథకం పేరు, చేరిన తర్వాత ఏమేం రావాలో రెండు లైన్లు కూడా పెట్టండి.

దూరం పోవడం ఎందుకు, ఇక్కడే పెద్ద కంపెనీలున్నాయి కదా అంటారు కొందరు. నిజమే. బాలాపూర్ అంటే బయటివాళ్ళకు లడ్డూ వేలం, 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2024లో 30 లక్షల వెయ్యికి పోయింది. మాకు మాత్రం బాలాపూర్ అంటే రెండు రకాల గోడలు. ఒకటి మిసైళ్ళ ల్యాబ్ గోడ. రెండోది, ఊరికి పోయేటప్పుడు దేవరకొండ బస్సు సాగర్ రోడ్డు ఎక్కి బొంగుళూరు గేట్ దాటుతుంటే, పక్కన ఆదిబట్ల. అక్కడ టాటా-బోయింగ్ ఫ్యాక్టరీలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారై అమెరికా పోతాయి. కొంగర కలాన్‌లో ఫాక్స్‌కాన్ వచ్చింది. కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేటలో స్కిల్స్ యూనివర్సిటీకి 2024 ఆగస్టు 1న శంకుస్థాపన చేశారు. బస్సు కిటికీలోంచి ఆ వైపు చూస్తూ మనం తాండాకు పోతాం, పండగకు పోయి వస్తాం. ఆ గేట్ లోపల మన తాండా మనిషి ఒక్కడున్నా, ఏ ఐటీఐ ట్రేడ్ చేస్తే లోపలికి తీసుకుంటారో, అప్రెంటిస్‌కు ఎప్పుడు పిలుస్తారో ఇంటికొచ్చి చెప్పేవాడు. కిలోమీటర్లు తక్కువైనంత మాత్రాన దగ్గర కాదు.

ఇప్పుడు కొందరికి కోపం వచ్చే మాట రాస్తాను. టిబెటన్ పిల్లలకు సర్కారు కొలువు తలుపు మూసి ఉంది. మనకు తెరిచి ఉంది, 2022లో ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతం అయింది. అది మన పెద్దల పోరాటం, ఒక్క శాతం కూడా వదులుకోకూడదు. కానీ ఆ తలుపు ముందు మనం ఎన్నేళ్ళు నిలబడుతున్నాం? గ్రూప్-4లో 8 వేల చిల్లర పోస్టులకు తొమ్మిదిన్నర లక్షల మంది అప్లై చేశారు. గ్రూప్-1 సంగతి అందరికీ తెలుసు: 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్, ప్రిలిమ్స్ రాశాక పేపర్ లీక్ అని రద్దు, 2023లో మళ్ళీ రాస్తే మళ్ళీ రద్దు, 2024లో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్. మా హాస్టల్ సీనియర్ ఒకన్న ఈ మొత్తం చూశాడు. అశోక్‌నగర్ రూమ్ అద్దె కోసం వాళ్ళ నాయన రెండెడ్ల జత అమ్మాడు. ఆ అన్నకు చదువు తక్కువ లేదు. చదువుకుంటూనే చేసుకునే పని ఒకటి, అది ఎట్లా దొరుకుతుందో చెప్పే మనిషి ఒకరు లేరు. ప్రిపేర్ అవ్వొద్దని నేను అనట్లేదు. నేను కూడా రాస్తాను. ప్రిపరేషన్ పక్కన ఇంకో కాలు పెట్టుకోవడానికి ఒక మెట్టు కావాలంటున్నాను.

టిబెటన్లది అంతా బంగారం అని కూడా అనుకోకండి. చదువుకున్నవాళ్ళు చాలామంది అమెరికా, కెనడా, యూరప్ పోతున్నారు. సెటిల్‌మెంట్లలో ముసలివాళ్ళు మిగులుతున్నారు, పిల్లలు తగ్గి కొన్ని స్కూళ్ళు కలిపేశారు. విదేశీ దాతల సాయం వాళ్ళకు ఎక్కువ, మనకు అట్లా ఎవరూ లేరు. బీకాం చదివి స్వెటర్లు అమ్మడం ఆ అమ్మాయికి కల ఏమీ కాదు. వాళ్ళది ఒక భాష, ఒక గురువు. మనం తెలంగాణలోనే ముప్పైకి పైగా తెగలం, ఒకరి భాష ఒకరికి రాదు, మనలో మనకున్న గొడవలు ఈ గ్రూప్‌లోనే ఎన్నిసార్లు రాత్రి రెండింటి దాకా నడిచాయో అడ్మిన్ అన్నకు తెలుసు.

వాళ్ళ గురించి చదువుతుంటే ఇంకొకటి కూడా తట్టింది, అది చెప్పకుండా ఉండలేను. దేశం విడిచి వచ్చినవాళ్ళ గురించి ఇంత రాశాను. మా బాలాపూర్‌లోనే రేకుల షెడ్లలో రోహింగ్యాలు ఉంటారు, వాళ్ళ గురించి ఇంకోసారి రాస్తాను. మన ఆదివాసీల్లోనే ఊరు విడిచి వచ్చినవాళ్ళున్నారు, గొత్తికోయలు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక, రెండు వైపుల తుపాకుల మధ్య ఉండలేక వేలమంది గోదావరి దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చారు. 2011 జూలైలో సుప్రీంకోర్టు సల్వాజుడుం చెల్లదని చెప్పింది. కానీ వచ్చినవాళ్ళు ఇక్కడే ఉండిపోయారు, ఇక్కడే పిల్లలు పుట్టారు. ఆ పిల్లలకు ఇప్పుడు మన వయసు వస్తోంది. అక్కడ వాళ్ళు ఎస్టీలు. ఇక్కడ చాలామందికి ఎస్టీ సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేకపోతే స్కాలర్‌షిప్ లేదు, ఎస్టీ కోటాలో ట్రైనింగ్ సీటు లేదు.

అంటే ఆ టిబెటన్ అమ్మాయి దగ్గర కనీసం ఒక రిజిస్ట్రేషన్ కాగితం ఉంది, వెనక ఒక ఆఫీస్ ఉంది. గొత్తికోయ పిల్లాడికి రెండూ లేవు. వాళ్ళొస్తే భూమి పోతుంది, వాటా పోతుంది అనే భయం ములుగు, కొత్తగూడెం వైపు మనవాళ్ళకు ఉంది. అది ఉట్టి భయం కూడా కాదు, పోడు తగాదాలు నిజంగా ఉన్నాయి. భూమి సంగతి పెద్దవాళ్ళు, ప్రభుత్వం తేల్చాలి. కానీ ఇక్కడే పుట్టి, ఇక్కడే బడికి పోయిన పిల్లకు నర్సింగ్ ట్రైనింగ్ ఎక్కడుందో చెబితే ఎవరి గుంట భూమి పోతుంది?

ఇక నేను అడిగేది. మనం ధర్మశాల కట్టలేం, ఒక నోట్‌బుక్ కట్టగలం. ఉద్యోగాల్లో ఉన్న మన గ్రూప్ అన్నలు, అక్కలు ఏ ఊర్లో, ఏ పనిలో ఉన్నారో పేరు, నంబర్ ఇవ్వండి. అందులో తెగ అనే కాలమ్ పెట్టను, ముందే చెబుతున్నా, దాని గురించి గొడవ వద్దు. ట్రైనింగ్‌కు పోయే ప్రతి ఒక్కరి ఆధార్, పదో తరగతి మెమో, కుల సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ ముందు పెట్టుకుని, నాలుగింట్లో పేరు ఒకేలా ఉందా లేదా బయలుదేరకముందే చూద్దాం. మా తమ్ముడి ముప్పై ఎనిమిది రోజులు ఒక్క "నాయక్" దగ్గర పోయాయి. చేరాక పదిహేనో రోజు ఒక ఫోన్, నెలన్నరకు ఒక ఫోన్, మూడో నెలలో ఒక ఫోన్. అది నేనూ నా రూమ్మేట్లూ చేస్తాం. జీతం వచ్చేవాళ్ళు నెలకు వందో, రెండొందలో వేస్తే మొదటి నెల అద్దెకు అప్పుగా ఇవ్వొచ్చు. డబ్బు నా ఖాతాలో వద్దు. ఉద్యోగం చేసే ఇద్దరు అక్కలు చూసుకుంటే మంచిది, లెక్క ప్రతి నెల గ్రూప్‌లో పెట్టాలి.

"ఇవన్నీ గవర్నమెంట్ చేయాలి, మనమెందుకు" అని ఒక అన్న ఫోన్‌లో అన్నాడు. చేయాలి. ఐటీడీఏకు అర్జీ పెడదాం, రాసే పని నాకు ఇవ్వండి. అది చదివి సంతకం పెట్టే లోపల, తెలియని ఊర్లో రాత్రి పది గంటలకు రూమ్ ఓనర్ బ్యాగు బయట పెడితే ఆఫీసుకు తాళం వేసి ఉంటుంది కదా అన్నా.

నోట్‌బుక్‌లో మొదటి పేరు మా తమ్ముడిదే రాశాను. ఆధార్ మార్పించాడు, మీసేవకు మూడుసార్లు తిరిగాం. వాడు జూన్‌లో మళ్ళీ పోతానంటున్నాడు, ఈసారి హోసూర్. హోసూర్‌లోగానీ, దగ్గరలోగానీ మనవాళ్ళెవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. తెలుగు రాకపోయినా పర్లేదు, గోర్‌బోలి వస్తే చాలు, కోయ అయినా సరే, ఎట్లనో మాట్లాడుకుంటారు.